అక్షరాలు చెరిగిపోయిన బొత్తాం

పోయిన వేసవిలో మా అమ్మాయికి కొత్త కీబోర్డు కొన్నాం. సంగీతం చెప్పే టీచరుగారు వారానికి రెండు రోజులు ఇంటికే వస్తారు. ఒకనాటి సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, హాల్లో పిల్ల పాడుతున్న పాట మధ్యలో ఆగిపోయింది. పైకి గొంతు అందడం లేదని అంటోంది. టీచరుగారు ఏమాత్రం తొణక్కుండా, "అందకపోతే నువ్వెందుకమ్మా అవస్థ పడటం, ఆ బొత్తాం రెండుసార్లు నొక్కు" అన్నారు. పిల్ల నొక్కింది. పాట రెండు మెట్లు కిందికి దిగొచ్చింది, పిల్ల హాయిగా చివరిదాకా పాడేసుకుంది. అంతే, అర నిమిషం పని. నేను తువ్వాలు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ అర నిమిషం పని నేను చెయ్యకపోవడం వల్ల పాతికేళ్ళ కిందట ఒక మనిషి పాట మానేశాడు.

ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. హాస్టలు కబుర్లు ఎప్పుడొచ్చినా మా గదిలో మేం చేసిన సంగీతం గురించి గంటలకొద్దీ నవ్వుతూ నవ్విస్తూ చెప్పేవాణ్ణి గాని, ఈ ఒక్క చోటికి వచ్చేసరికి కథని పక్కదారి పట్టించేవాణ్ణి. ఇవాళ నేరుగానే చెబుతాను. నా ఈడు వాళ్ళకి ఆ గదులు, ఆ రోజులు గుర్తుండే ఉంటాయి కాబట్టి పెద్దగా వివరించాల్సిన పని కూడా లేదు.

తొంభైల చివర్లో గుంటూరు శివార్లలోని ఒక కాలేజీలో డిగ్రీ చదివాను. మా హాస్టల్లో ఒక ఆచారం ఉండేది. చేరిన రోజున ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఏ ఊరని. ఆ జవాబే ఇక మూడేళ్ళూ మన పేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. మా గదిలో ముగ్గురం. నేను ఒంగోలు, ఒకడు పిడుగురాళ్ల, ఇంకొకడు వేటపాలెం. నాకు ఊరి పేరుతో పాటు గిత్తని కూడా తగిలించారు. ఒంగోలు గిత్త అన్న పిలుపులో పొగడ్త ఎంతో ఎగతాళి ఎంతో విడదీసి చూసే అలవాటు నాకు లేదు. ఆ వయసులో నేను దేన్నయినా పొగడ్తగానే తీసుకునేవాణ్ణి.

మా నాన్నగారు బడిపంతులు. పిడుగురాళ్ల వాళ్ళ నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. వాడు సెలవులకి ఇంటికెళ్ళి వస్తే ట్రంకుపెట్టె మూత తియ్యగానే చొక్కాల మడతల్లోంచి తెల్లటి పొడి రాలేది. వేటపాలెం వాళ్ళమ్మ జీడిపప్పు షెడ్డులో గింజలు కొట్టేది. కాల్చిన జీడిగింజని రాయి మీద పెట్టి చిన్న చెక్కసుత్తితో ఒక్క దెబ్బ వేసి, పప్పు చిట్లకుండా తియ్యాలి. పెంకులోంచి కారే జీడిరసం చర్మాన్ని కాల్చి నల్లగా చేస్తుంది. వాళ్ళమ్మ ఒకసారి వాణ్ణి చూడ్డానికి హాస్టలుకి వచ్చినప్పుడు మాకు కారప్పూస పంచిపెడుతుంటే ఆవిడ వేళ్ళు చూశాను, మొదళ్ళ దాకా బొగ్గు పూసినట్టున్నాయి.

ఇక మా సంగీతం సంగతి. మా మేనమామ ఒంగోల్లో పెళ్ళిళ్ళకి పాటకచేరీలు చేసే బృందంలో కీబోర్డు వాయించేవాడు. ఆ బృందం విడిపోయాక ఆ కీబోర్డు పెట్టెని నా చేతికిచ్చాడు. ఎన్నేళ్ళ చెమటకో, ఎందరి వేళ్ళకో బొత్తాల మీది అక్షరాలన్నీ చెరిగిపోయి ఉన్నాయి. మామ మూడు బొత్తాలు చూపించి, ఇది వాద్యం మారుస్తుంది, ఇది తాళం వేస్తుంది, ఇది చప్పుడు పెంచుతుంది, మిగతావాటి జోలికి పోకు అన్నాడు. నేను పోలేదు. ఆయన నేర్పిన వాయింపు కూడా ఒకే రకం. మొదటి తెల్లమెట్టుని షడ్జమం చేసుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టడం. నల్లమెట్ల మీద షడ్జమం పెట్టుకుని వాయించడం ఆయనకి వచ్చేమో గాని నాకు నేర్పలేదు, నేను అడగనూ లేదు. వచ్చింది ఒక్కటే అయినా వచ్చినంతమటుకు గట్టిగా వచ్చు. వేళ్ళు పరుగెత్తేవి. ఆ అంతస్తు మొత్తానికి సంగీతం తెలిసినవాడు ఎవడయ్యా అంటే ఒంగోలు వైపే వేలు చూపించేవాళ్ళు, ఆ వేలు చూసి నేను నిజంగానే సంగీతం తెలిసినవాణ్ణి అనుకున్నాను.

పిడుగురాళ్ల వాడిది తాళం. ట్రంకుపెట్టె ఒక మోత, బోర్లించిన ప్లాస్టిక్ బకెట్టు ఇంకో మోత, సబ్బుపెట్టె మీద తాళంచెవులు మూడో మోత. గలగలమనే చప్పుడు కోసం ఒక పౌడరు డబ్బాలో ఎండుమిరప గింజలు పోసి ఊపేవాడు. బియ్యం పోస్తే చప్పుడు మొద్దుగా ఉంటుంది, ఇసక పోస్తే బుస కొడుతుంది, మిరపగింజలే సరైనవని వాడు ఎన్నో ప్రయోగాల మీద తేల్చాడు. ఒకనాడు పాట మంచి ఊపులో ఉండగా ఆ డబ్బా మూత ఊడింది. గింజలతో పాటు అడుగున ఉన్న పొడి కూడా పైన తిరుగుతున్న ఫ్యానులోకి ఎగిరింది. ముగ్గురం కళ్ళు మూసుకుని తుమ్ముతూ దగ్గుతూ తలుపు తీసేసరికి ఎదురుగా వార్డెన్‌గారు.

"ఏందిరా ఇది, గదిలో కారం కొడుతున్నారా?"

"లేదండీ, పాట కడుతున్నామండీ" అన్నాడు పిడుగురాళ్ల, ముక్కు తుడుచుకుంటూ.

"పాటకి ఇంత ఘాటెందుకురా!" అని ఆయన కూడా రెండు తుమ్ములు తుమ్మి వెళ్ళిపోయారు. పాపం, మంచివారు. ఆ మర్నాటి నుంచి మేం జాగ్రత్తపడ్డాం. పక్కగదిలో ఒక పత్తిరైతు కొడుకు ఉండేవాడు, వాణ్ణి అడిగి ఒక గోతాం పత్తి తెప్పించి తలుపు సందుల్లోను కిటికీ సందుల్లోను కూరాం. చప్పుడు బయటికి పోవడం తగ్గింది గాని గాలి లోపలికి రావడం కూడా తగ్గింది. బనీన్లు తడిసి ముద్దయ్యేదాకా వాయించేవాళ్ళం. నా జీవితంలో అంతటి ధీమాతో నేను మళ్ళీ ఏ పనీ చేయలేదు.

వేటపాలెం వాడిది పాట. వాడికి ఎవరూ నేర్పలేదు. సాయంత్రాలు నీళ్ళట్యాంకు పక్కన బండ మీద బట్టలు ఉతుక్కుంటూ పాడుకునేవాడు. వరండాల్లో నడిచేవాళ్ళు బకెట్లు కింద పెట్టి నిలబడేవాళ్ళు. గంభీరమైన గొంతు, కిందినుంచి మొదలై తొందరేమీ లేకుండా పైకి వచ్చేది, పైకి వచ్చాక ఆయాసపడేది కాదు. రెండో ఏడు వాడు ఒక పాట కట్టాడు. వాళ్ళమ్మ షెడ్డులో సుత్తిదెబ్బల నడక మీద కట్టిన పాట. అందులో పల్లవి నాకిప్పటికీ నోట్లోనే ఉంది.

నల్లని చేతుల్లో తెల్లని నెలవంక
కొట్టిన కొద్దీ పుట్టేనే నెలవంక

జీడిపప్పు ఆకారం చూసిన వాళ్ళకి ఆ మాట వేరే చెప్పక్కర్లేదు. పిడుగురాళ్ల వాడు విన్న వెంటనే బకెట్టు అందుకుని ఆ సుత్తిదెబ్బే వేశాడు. నేను పెట్టె తెరిచాను. ఆ రోజు మా ముగ్గురి మధ్య పుట్టినదానికి సంగీతం అనే పేరు పూర్తిగా తగినదే.

మూడో ఏడు చలికాలంలో నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించారు. చుట్టుపక్కల కాలేజీలన్నిటికీ కలిపి లలితసంగీతం పోటీ, మొదటి బహుమతి వచ్చినవాళ్ళ పాట రేడియోలో యువతీయువకుల కార్యక్రమంలో వస్తుంది. కార్యక్రమం వచ్చే తేదీ, సమయం కూడా ముందే వేశారు. వేటపాలెం వాడు ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు. వాళ్ళమ్మ పనిచేసే షెడ్డులో పొద్దున్నించి సాయంత్రం దాకా రేడియో మోగుతూ ఉంటుందట. ఎనభై మంది ఆడవాళ్ళు చేతులు పనిలో పెట్టి చెవులు రేడియోలో పెట్టి కూర్చుంటారట. వాడికి బహుమతి మీద ఆశ లేదు, పేరు మీద ఆశ లేదు. ఆ ఎనభై మంది మధ్యన కూర్చున్న వాళ్ళమ్మకి తన గొంతు వినపడాలి, అంతే. ఆ రోజే ఆవిడకి కార్డు రాసేశాడు, ఫలానా తేదీన రేడియో దగ్గరగా కూర్చోమని. ఇంకా పోటీ జరగలేదు గదరా అంటే, మన పాట మీద నమ్మకం లేదా అని నన్నే ఎదురడిగాడు. ఉంది. మా ముగ్గురికీ ఉంది.

అక్కణ్ణుంచే చిక్కు మొదలైంది. అంతకుముందు మేం కలిపి వాయించినది పల్లవి వరకే. బండ దగ్గర అంత హాయిగా సాగే పాట నా పెట్టెతో కలిసేసరికి చరణంలో పైకి అందేది కాదు. పల్లవి బాగానే ఉండేది. చరణం చివర "నెలవంక" అని నిలబెట్టాల్సిన చోట వాడి మెడనరాలు తేలేవి, గొంతు చీలికలయ్యేది. నేను పెట్టె ఆపి, మళ్ళీ అనేవాణ్ణి. మిరియాలపాలు తాగించాను. హాస్టలు వెనక మిరపకల్లాల ఘాటు తగలకుండా ముక్కుకి రుమాలు కట్టించాను. నీకు శ్రుతిజ్ఞానం లేదురా అన్నాను. అది గొంతు కాదురా, నూనె లేని తలుపు అన్నాను. వాడు నవ్వేవాడు గాని ఆ నవ్వు రోజురోజుకీ చిన్నదవుతూ వచ్చింది.

ఒకరోజు పిడుగురాళ్ల వాడు బకెట్టు పక్కన పెట్టి అడిగాడు. "ఒరేయ్ గిత్తా, బండ దగ్గర పాడేటప్పుడు బానే ఉంటంది గదరా. నువ్వే కొంచెం కింద వాయించగూడదా?"

"సంగీతమంటే మీ ఊరి సున్నం అనుకున్నావా, ఎన్ని నీళ్ళు కావాలంటే అన్ని పోసి కలపడానికి? శ్రుతి అంటే ఒకటే ఉంటది. పాడేవాడే దానికి ఎక్కాలి."

వాడు ఇంకేదో అనబోయాడు. వేటపాలెమే వాణ్ణి ఆపాడు. "పోనీలేరా, వాడు నేర్చుకున్నోడు. లోపం నాదే."

నాకు కింద వాయించడం రాదు. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. రాదని చెప్పడానికి నోరు రాలేదు. అంతవరకైతే దాన్ని కుర్రతనం కింద జమకట్టి ఎవరైనా క్షమిస్తారు. తరవాత చేసినదానికి ఆ వెసులుబాటు లేదు.

పోటీకి సరిగ్గా పదిరోజుల ముందు, మధ్యాహ్నం పూట, మిగతా ఇద్దరూ హాల్‌టిక్కెట్ల కోసం ఆఫీసు గది దగ్గర వరసలో నిలబడి ఉన్నారు. నేను పెట్టెని శుభ్రం చేద్దామని కిటికీ సందులోంచి కాస్త పత్తి లాగి, తడిపి, బొత్తాలు తుడుస్తున్నాను. చివర్లో ఉన్న ఒక బొత్తాం జిడ్డుగా ఉంటే గట్టిగా రుద్దాను. అది మూడుసార్లు టిక్కుమంది. తుడవడం అయ్యాక అలవాటు కొద్దీ పల్లవి వాయించాను. నా వేళ్ళు పాత తెల్లమెట్ల మీదే ఉన్నాయి గాని పాట వేరే చోటినుంచి వినపడింది. కిందినుంచి. ఒక్క క్షణం అయోమయం. తరవాత తెలిసింది, అది బట్టల బండ దగ్గరి శ్రుతి. అచ్చంగా వాడిదే. చరణం కూడా వాయించి, నాలో నేనే వాడిలా పాడుకున్నాను. ఎక్కడా నరం బిగియలేదు.

వాళ్ళు రాగానే కేకవేసి చెప్పాల్సిన సంగతి అది. చెప్పాలనే అనుకున్నాను కూడా. మేడమెట్ల మీద వాళ్ళ చెప్పుల చప్పుడు వినపడేసరికి నాకు కనపడింది వేటపాలెం వాడి ముఖం కాదు, పిడుగురాళ్ల వాడి ముఖం. నేను అప్పుడే అన్నాను గదరా అని వాడు అంటాడు. మూణ్ణెల్లుగా నేను తిట్టిన తిట్లన్నీ తిరిగి నా మీదికే వస్తాయి. ఒంగోలుకి ఏమీ రాదు, బొత్తాం నొక్కడం కూడా రాదు అని అంతస్తంతా చెప్పుకుంటుంది. పెట్టె స్విచ్చి ఆపేశాను. మళ్ళీ వేసి చూస్తే పాత శ్రుతే వచ్చింది. ఏమీ జరగనట్టే ఉంది. తలుపు తెరుచుకుని లోపలికి వచ్చి వేటపాలెం వాడు, "ఏరా, మొదలుపెడదామా?" అని రుమాలు తీసుకున్నాడు. నేను సరేనన్నాను.

ఆ పదిరోజులూ వాడు మిరియాలపాలు తాగుతూనే ఉన్నాడు. నేను కాచి ఇస్తూనే ఉన్నాను.

పోటీకి న్యాయనిర్ణేతగా వచ్చినది ఒక ముసలి హార్మోనిస్టుగారు. పల్లెపల్లెకీ తిరిగి పద్యనాటకాలకి వాయించిన మనిషి, చెవుల మీద నెరిసిన జుట్టు, పక్కన ఖద్దరు సంచి. పల్లవి అయ్యేసరికి ఆయన తల ఊపడం చూసి నాకు గర్వమేసింది. మొదటి చరణం ఎలాగో గట్టెక్కింది. రెండో చరణం చివర, అందరూ నిశ్శబ్దంగా వింటూ ఉండగా, వాడి గొంతు పగిలింది. వెనక వరసల్లోంచి ఎవడో కోడికూత కూశాడు. హాలంతా నవ్వింది. వాడు ఆగలేదు, పాట పూర్తిచేసి దణ్ణం పెట్టి దిగాడు. ఆ ధైర్యం గురించి నేను ఈ వయసులో ఆలోచిస్తున్నాను. అప్పుడు ఆలోచించలేదు.

దిగుతుంటే ఆ పెద్దాయన నన్ను దగ్గరికి పిలిచారు. "బాబూ, ఆ అబ్బాయి శ్రుతి ఎంత?"

"ఒకటండీ" అన్నాను తడుముకోకుండా, నా మొదటి తెల్లమెట్టు లెక్కన.

"నీ శ్రుతి కాదు నాయనా. ఆ అబ్బాయి శ్రుతి."

ఆయన నన్ను తిట్టలేదు. సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని తరవాతి పేరు చదివారు. బహుమతి ఇంకో కాలేజీ అమ్మాయికి వచ్చింది.

తిరుగు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చున్నాం, ఒళ్ళో పెట్టె. చాలాదూరం ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనంలో నిజం బయటపడుతుందేమోనని నాకు భయం వేసింది. అందుకే ముందుగా నేనే మాట్లాడాను. "ముందే చెప్పాను గదరా, నీకు పైస్థాయి లేదు. దేవుడిచ్చిన గొంతు అంతే" అన్నాను. వాడు కిటికీలోంచి కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల వైపు చూస్తూ తల ఊపాడు. ఆ తరవాత వాడు పాడగా నేను వినలేదు. బండ దగ్గర కూడా. బట్టలు ఉతికే చప్పుడు మాత్రమే వినపడేది. నేను పెట్టె తెరిస్తే వాడు మెస్సుకి వెళ్ళిపోయేవాడు. పిడుగురాళ్ల బకెట్టు మళ్ళీ నీళ్ళ బకెట్టు అయిపోయింది. పరీక్షలయ్యాయి, ఎవరి ఊరికి వాళ్ళం వెళ్ళిపోయాం.

నాకు ఉద్యోగం వచ్చాక, ఆ మేనమామ పెట్టె మీదే, ఒక్కొక్క మెట్టునీ షడ్జమం చేసుకుంటూ పన్నెండు మెట్ల మీదా వాయించడం నేర్చుకున్నాను. మూడేళ్ళు పట్టింది. ఆ బొత్తాం మాత్రం ముట్టుకోలేదు. దాన్ని నేను పట్టుదల అని చెప్పుకునేవాణ్ణి. అసలు సంగతి, దాని మీద వేలు పెట్టే ముఖం నాకు లేదు.

మా అమ్మాయి ఆ బొత్తాం నొక్కిన రెండోవారం పిడుగురాళ్ల వాడికి ఫోన్ చేసి వేటపాలెం వాడి నంబరు తీసుకున్నాను. పాత పెట్టెలో కొత్త సెల్సు వేసుకుని ఆదివారం పొద్దున ఒంగోల్లో ప్యాసింజరు ఎక్కాను. వాడు వాళ్ళ ఊళ్ళోనే హైస్కూల్లో లెక్కల మాస్టారు. నెత్తిన జుట్టు పోయింది, గొంతు ఇంకా గంభీరంగా ఉంది. నా చేతిలో పెట్టె చూసి ఒక్క క్షణం ఆగి, తరవాత లోపలికి రమ్మన్నాడు. మంచం మీద కూర్చుని ఉన్న వాళ్ళమ్మ కళ్ళకి చెయ్యి అడ్డుపెట్టుకుని చూసింది.

"ఎవర్రా అది?"

"మా ఒంగోలోడమ్మా. హాస్టల్లో ఉండేవాడే."

"పెట్టె వాయించే అబ్బాయా! రా నాయనా, రా. ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అని పక్కన కూర్చోబెట్టుకుంది. కాఫీ తాగుతుంటే తనంతట తానే ఎత్తుకుంది. "ఆ రోజు మేస్త్రీని బతిమాలుకుని రేడియో పక్కనే కూచున్నా నాయనా. సరిగ్గా అదే టైముకి గింజలు కాల్చే డ్రమ్ము తిప్పారు. ఆ మోతలో ఎవరో ఆడపిల్ల గొంతు లాగా వినపడింది గానీ మావోడి పాట నా చెవిన పడలా. పక్కనోళ్ళని అడిగితే ఆఁ, పాడాడు, బాగా పాడాడు అన్నారు. వాళ్ళు విన్నారు, నేనే వినలా. చూడు నా రాత."

వాడి వైపు చూశాను. వాడు గ్లాసులోకి చూస్తున్నాడు.

తరవాత ఇద్దరం వరండాలోకి వచ్చాం. నేను ఏ ముందుమాటా లేకుండా చెప్పేశాను. మధ్యాహ్నం, తడిపిన పత్తి, మూడు టిక్కులు, మెట్ల మీద వాళ్ళ చెప్పుల చప్పుడు, స్విచ్చి ఆపడం, ఏదీ వదల్లేదు.

"ఎన్నిసార్లు నొక్కాలి?"

"మూడు."

"మూడేనా" అన్నాడు. మళ్ళీ, "మూడే గదరా" అన్నాడు. "బొత్తాం దాచావు, సరే. కుర్రకుంకలం. బస్సులో దేవుడిచ్చిన గొంతు అంతేనన్నావు చూడు, అది మాత్రం నేను మర్చిపోలా. క్లాసులో పిల్లలు పాట పాడమంటే ఆ మాటే గుర్తొచ్చేది."

తప్పు చేశానురా, క్షమించు అన్నాను. సరేననలేదు, పొమ్మనలేదు. అమ్మకి ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఓడిపోయానని కార్డు రాద్దామనే కూచున్నా. ఈలోపే అమ్మ కార్డు రాయించింది, నా పాట వచ్చిందని షెడ్డులో అందరికీ బెల్లంముక్క పంచానని. ఇంకేం రాస్తా?" అన్నాడు. నిట్టూర్చి లేచాడు. "పద. అమ్మ ఎదురుచూస్తా ఉంటది."

లోపలికి వెళ్ళేసరికి ఆవిడ పెట్టె మీది గుడ్డ తీసేసి కూర్చుని ఉంది. "ఆనాడు నాకు వినపడని పాట పాడరా" అంది.

"ఇప్పుడేం పాటమ్మా, ఎక్కాలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది."

"బొంగురో గింగురో, నాకు చెవులున్నప్పుడే పాడు" అంది.

వాడు నావైపు తిరిగాడు. పాతికేళ్ళ తరవాత మొదటిసారి ఆ పిలుపు వినపడింది. "ఏ శ్రుతిలో పాడమంటావురా, గిత్తా?"

"నువ్వు మొదలుపెట్టు. నేను వెతుక్కుంటాను."

వాడు గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. నా వేళ్ళు ఒక మెట్టు తప్పు, రెండో మెట్టు తప్పు, మూడో చోట ఒక నల్లమెట్టు దగ్గర వాడి గొంతు దొరికింది. పాతదానికన్నా ఇంకా కింద. అక్కడే నిలబడి వాడి వెంట నడిచాను. వాళ్ళమ్మ మంచంపట్టె మీద కుడిచేత్తో దెబ్బ వేయడం మొదలుపెట్టింది, అదే సుత్తిదెబ్బ, పిడుగురాళ్ల వాడు బకెట్టు మీద వేసినదే. వయసుతో ముడతలు పడ్డా ఆ వేళ్ళ మొదళ్ళలో నలుపు ఇంకా ఉంది. గొంతు నిజంగానే బొంగురుగా ఉంది, గమకాలు తడబడ్డాయి, ఒకచోట మాట మర్చిపోయి నవ్వేశాడు. అయినా రెండో చరణం చివర "నెలవంక" దగ్గర ఆగి, నిలబెట్టి, తొందరేమీ లేకుండా దించాడు. మెడ మీద ఒక్క నరం కూడా తేలలేదు.

పాట అయ్యాక ఆవిడ కాసేపు కళ్ళు మూసుకునే ఉంది. తరవాత తల ఊపింది. "ఆఁ, ఇదే. ఆనాడు డ్రమ్ము మోతలో కూడా కాస్త కాస్త వినపడింది. ఇదే పాట."

మేమిద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నాం. ఎవరం నోరు విప్పలేదు. ఒక దాపరికాన్ని ఒప్పుకుందామని వెళ్ళిన నేను ఇంకో దాపరికంలో వాటాదారుణ్ణయి తిరిగి వచ్చాను. దీనికి మాత్రం నాకు పశ్చాత్తాపం లేదు. స్టేషన్‌లో రైలు కదిలేటప్పుడు వాడు కిటికీ దగ్గరికి వచ్చి, వచ్చే నెల పిడుగురాళ్ల వాణ్ణి కూడా తీసుకురా, బకెట్టు నేనిస్తాలే అన్నాడు. క్షమించానని ఇప్పటికీ అనలేదు. అడగడం నేను కూడా మానేశాను.

మొన్న గుంటూరులో పనుండి వెళ్ళినప్పుడు పాత హాస్టలు వైపు నడిచాను. గది అదే, మంచాలు మారాయి. ముగ్గురు కుర్రవాళ్ళు మూడు మంచాల మీద, ముగ్గురి చెవుల్లోను తీగలు. ఒకడు ఫోనులోనే పాట కట్టి చూపించాడు, చక్కగా ఉంది, శ్రుతి ఎక్కడైనా జారితే ఫోనే సరిదిద్దుతుందట. పక్కవాడికి వినపడదు కాబట్టి తలుపు సందుల్లో పత్తి అక్కర్లేదు, వార్డెన్‌కి తుమ్ములు రావు. ఇప్పుడు ఒకడి మూర్ఖత్వానికి ఇంకొకడి గొంతు బలైపోయే ప్రమాదం లేదు, అది నిజంగా మంచిదే. మా రోజుల్లో ముగ్గురు చెమటలు కక్కితే గాని ఒక పాట అయ్యేది కాదు. అందుకే ఒకడు అబద్ధం ఆడితే ముగ్గురి పాటా ఆగిపోయింది. అయినా ఆ గదిలో నిలబడి ఆ తీగలు చూస్తుంటే, బకెట్టు మోత లేని ఆ నిశ్శబ్దం నాకెందుకో గుచ్చుకుంది. ఇంటికొచ్చాను. మా అమ్మాయి పాటకి సిద్ధంగా ఉంది, వాయించమంది. ఇదివరకైతే వెంటనే వేళ్ళు మెట్ల మీద పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు ఎవరు పాడినా ముందు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కాసేపు వింటాను.